టర్మ్ చివరి పరీక్ష: దిద్దిన తర్వాత ఏం మారుస్తారో ముందే తేల్చుకోండి

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. మీది నాలుగో తరగతి, 36 మంది పిల్లలు, టర్మ్ ముగియడానికి 15 పనిదినాలు మిగిలి ఉన్నాయి. గణితంలో భిన్నాల పాఠం సగంలో ఆగింది, దత్తాంశ పట్టికల పాఠం ఇంకా మొదలు కాలేదు. ప్రశ్నపత్రం మీరే తయారు చేసుకోవాలి. సిలబస్ పూర్తి చేయాలా, పునశ్చరణకు కూర్చోవాలా అన్నది మీ మొదటి సందేహం. తరగతిలో చురుగ్గా జవాబులు చెప్పే పిల్లలు కాగితం మీద సగం మార్కులు కూడా తెచ్చుకోకపోవడానికి కారణమేమిటన్నది రెండోది. సుమారు ఇరవై ఏడేళ్లు ప్రాథమిక తరగతులకు చెప్పి, ఇప్పుడు కొత్త ఉపాధ్యాయులకు మూల్యాంకనం గురించి శిక్షణ ఇస్తున్నాను కాబట్టి, నా అనుభవంలో నిలబడిన సంగతులను కొంచెం వివరంగానే రాస్తున్నాను.

రెండు సందేహాలకూ ముందు మీరు తేల్చుకోవలసినది ఒకటి ఉంది. ఈ పరీక్ష జవాబు పత్రాలు దిద్దిన తర్వాత మీరు ఏం మారుస్తారు? ఒక ప్రశ్నకు పిల్లలందరూ సరిగ్గా రాసినా, అందరూ తప్పు రాసినా మీరు చేసే పని ఒకటే అయితే, ఆ ప్రశ్న ఆ పత్రంలో ఉండనవసరం లేదు. మూల్యాంకనాన్ని నిర్మాణాత్మకం, సంగ్రహణాత్మకం అని రెండుగా చెప్పే అలవాటు 1967లో మైకేల్ స్క్రివెన్ ఆ రెండు పదాలను వాడినప్పటి నుంచి వచ్చింది. నేర్చుకుంటూ ఉండగా దారి సరిచేసుకోవడానికి చేసేది మొదటిది, నేర్చుకున్నదాన్ని చివర్లో లెక్క తేల్చేది రెండోది. ప్రాథమిక తరగతిలో ఆ రెండింటి మధ్య గోడ చాలా పలుచన, ఎందుకంటే సెలవుల తర్వాత అదే పిల్లవాడు అదే అరకొర తీసివేతతో మీ ముందుకో, మీ పక్క గదిలోని సహోపాధ్యాయుడి ముందుకో తిరిగి వస్తాడు. టర్మ్ చివరి పరీక్ష పేరుకు ముగింపే గాని, పని చేయవలసింది వచ్చే టర్మ్ మొదటి వారానికి.

ఇక సిలబస్ సంగతి. 15 రోజుల్లో రెండు పాఠాలూ పరుగెత్తించి ముగించడం సాధ్యమే. నేనూ మొదటి సంవత్సరాల్లో అలాగే ముగించాను, రిజిస్టరులో పాఠాలన్నీ పూర్తయినట్టు కనబడేవి, పిల్లల తలల్లో మాత్రం పూర్తయ్యేవి కావు. భిన్నాలను పూర్తి చేయండి, పట్టికల పాఠాన్ని వదిలేయండి. కారణం ఏమిటంటే, భిన్నం అంటే సమాన భాగాల్లో కొన్ని అన్న ఊహ ఇప్పుడు వంకరగా కుదిరితే, దాని మీద కట్టే సమాన భిన్నాలు, దశాంశాలు, శాతాలు అన్నీ వంకరగానే లేస్తాయి. పట్టిక చదవడం మాత్రం వచ్చే టర్మ్ మొదట్లో నాలుగు రోజుల్లో నేర్పగలిగినది, పై పాఠాలేవీ వెంటనే దాని మీద ఆధారపడి లేవు. వదిలేసిన పాఠాన్ని దాచిపెట్టకుండా రిజిస్టరులో తేదీతో సహా రాయండి, ప్రధానోపాధ్యాయులకు ముందే చెప్పండి, ప్రశ్నపత్రంలో దాని నుంచి ఒక్క ప్రశ్న కూడా ఇవ్వకండి. చెప్పని పాఠం మీద ప్రశ్న అడిగితే ఇంట్లో చెప్పించుకునే వీలున్న పిల్లలెవరో తెలుస్తుంది తప్ప, మీ బోధన గురించి ఏమీ తెలియదు.

పునశ్చరణ అనగానే చాలా తరగతుల్లో జరిగేది పాఠాన్ని మరోసారి చదివి వినిపించడం, ముఖ్యమైన జవాబులను బోర్డు మీద రాసి ఎత్తి రాయించడం. అది చూడటానికి పద్ధతిగా ఉంటుంది, పిల్లలకూ తేలికగా ఉంటుంది, అందుకే మనల్ని మోసం చేస్తుంది. 2006లో రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగంలో కొందరు కళాశాల విద్యార్థులు ఒక పాఠ్యాన్ని మళ్లీ మళ్లీ చదివారు, మరికొందరు ఒకసారి చదివి, పుస్తకం చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవారే మెరుగ్గా కనిపించారు, వారం తర్వాత అడిగితే గుర్తు తెచ్చుకుని రాసినవారు వారిని దాటిపోయారు. వారు పెద్దవాళ్లే అయినా, ఈ ఫలితం నా తరగతి గదిలో నేను చూసినదానితో సరిపోయింది. కాబట్టి ఈ 15 రోజులూ ఉదయం మొదటి పీరియడ్‌లో పది నిమిషాలు ఐదు ప్రశ్నలకు కేటాయించండి. రెండు ప్రశ్నలు గత వారానివి, రెండు రెండు నెలల కిందటివి, ఒకటి ఏ పాఠానిదో పిల్లలే పోల్చుకోవలసినది. పుస్తకాలు మూసి ఉండాలి, మార్కులు ఉండకూడదు, జవాబులు వెంటనే బోర్డు మీద చూసి ఎవరిది వారే సరిచూసుకోవాలి. మార్కులు వేయడం మొదలుపెట్టిన రోజున పిల్లలు పక్కవాడి పలక వైపు చూడటం మొదలుపెడతారు.

ఐదో ప్రశ్న గురించి ఒక మాట ఎక్కువ చెప్పాలి. గుణకారం పాఠం చివర అభ్యాసంలో అన్నీ గుణకారాలే ఉంటాయి కనుక, ఏం చేయాలో పిల్లవాడు ఆలోచించనక్కరలేదు. చేయడం ఒక్కటే మిగులుతుంది. పరీక్షలో మాత్రం ఏం చేయాలో మొదట వాడే నిర్ణయించుకోవాలి. టేలర్, రోరర్ 2010లో ప్రచురించిన ప్రయోగం నాలుగో తరగతి పిల్లలతోనే జరిగింది: ఒకే రకం లెక్కలను వరసగా చేసినవారికి అభ్యాసంలో ఎక్కువ సరైన జవాబులు వచ్చినా, మరుసటి రోజు పరీక్షలో వారు 38 శాతం దగ్గర ఆగిపోయారు, కలగలిపి చేసినవారు 77 శాతం తెచ్చుకున్నారు. యూనిట్ పాఠం రోజున అన్నీ చేసిన పిల్ల పరీక్షలో తెల్లబోయి చూస్తే, ఆ పిల్ల మరిచిపోయిందని అనుకునే ముందు, ఎంచుకునే అభ్యాసం తనకు మనం ఎప్పుడైనా ఇచ్చామా అని చూసుకోవాలి.

ప్రశ్నపత్రం దగ్గరికి వద్దాం, ఎందుకంటే మన శ్రమ అంతా దిద్దడం మీద పోతుంది, ఆలోచన మాత్రం పత్రం తయారీ మీద పోవాలి. తీసివేతనే తీసుకోండి. 62 నుంచి 38 తీసివేయమంటే సరైన జవాబు 24. అప్పు తెచ్చుకుని, పదుల స్థానంలో ఒకటి తగ్గించడం మరిచిపోయిన పిల్లవాడు 34 రాస్తాడు. పైన ఉన్నా కింద ఉన్నా పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేసే పిల్లవాడు 36 రాస్తాడు. ఇద్దరికీ సున్నా మార్కులే వస్తాయి, కాని మొదటివాడికి పద్ధతి తెలుసు, ఒక మెట్టు జారింది; రెండోవాడికి 62 అంటే ఆరు పదులు, రెండు ఒకట్లు అన్న సంగతే లెక్కలోకి రాలేదు. మొదటివాడికి పది నిమిషాల సాధన చాలు, రెండోవాడికి పుల్లల కట్టలు విప్పి, కట్టి, మళ్లీ విప్పవలసిన వారం రోజుల పని ఉంది. ఇప్పుడు అదే చోట 51 నుంచి 26 తీసివేయమని ఇచ్చారనుకోండి. సరైన జవాబు 25. తగ్గించడం మరిచినవాడూ 35 రాస్తాడు, పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేవాడూ 35 రాస్తాడు. ఒకట్ల స్థానంలోని అంకెల మధ్య తేడా సరిగ్గా ఐదు ఉంటే ఈ రెండు తప్పులూ ఒకే జవాబులో కలిసిపోతాయి, మీకు ఏదీ తెలియదు. ఈ చిన్న విషయాన్ని గమనించడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

పిల్లల తప్పులు అజాగ్రత్త వల్ల ఎటుపడితే అటు పోయేవి కావని, చాలాసార్లు వాటి వెనుక పిల్లవాడు నమ్మకంగా పాటించే ఒక తప్పు నియమం ఉంటుందని బ్రౌన్, బర్టన్ 1978లో తీసివేత లెక్కల మీద చేసిన పనిలో వివరంగా చూపించారు. అందుకని సున్నా మధ్యలో ఉన్న లెక్క ఒకటి తప్పకుండా ఇవ్వండి. 304 నుంచి 128 తీసివేస్తే 176 రావాలి. 224 వస్తే అది పెద్ద అంకెలోంచి చిన్నది తీసే అలవాటు. 126 గాని 106 గాని వస్తే, పదుల స్థానంలో సున్నా ఉంది కాబట్టి దాన్ని దాటేసి నేరుగా వందల దగ్గర అప్పు తెచ్చుకున్నారని అర్థం. పత్రం తయారయ్యాక ప్రతి ప్రశ్న పక్కన రెండు మూడు తప్పు జవాబులను మీరే ఊహించి, ఆ జవాబు వస్తే దాని అర్థమేమిటో పెన్సిలుతో రాసుకోండి. ఊహించలేకపోతే అంకెలు మార్చండి. 36 పత్రాలు దిద్దేటప్పుడు ఈ కాగితం మీ పక్కన ఉంటే, తప్పు గుర్తు పెట్టేచోట ఆ తప్పు రకానికి ఒక చిన్న అక్షరం వేయడం సరిపోతుంది.

భిన్నాల్లో కూడా ఇంతే. రెండో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అని అడిగితే, నాలుగు రెండు కంటే పెద్దది కనుక నాలుగో వంతే పెద్దదని రాసే పిల్లలు మీ తరగతిలో ఉంటారు. కాని ఆ ప్రశ్న ఒక్కదానికీ సరైన జవాబు గుడ్డిగా రాసినా సగం అవకాశం ఉంది. ఒక దీర్ఘచతురస్రాన్ని అసమానంగా నాలుగు ముక్కలు చేసి, ఒక ముక్కకు రంగు వేసి, ఇది నాలుగో వంతా, కాదా, ఎందుకు అని అడగండి. ఆ ఎందుకు అన్న ఒక్క మాట, పది ఖాళీలు పూరించే ప్రశ్నల పని చేస్తుంది.

బిట్ల మీద మనకున్న మోజు గురించి కూడా చెప్పాలి. ఎనిమిది తప్పొప్పుల ప్రశ్నలు ఇస్తే, ఏమీ చదవని పిల్లవాడికి కూడా సగటున నాలుగు మార్కులు వస్తాయి. జతపరచడంలో ఎడమ వైపు ఐదు, కుడి వైపు ఐదు ఉంటే, నాలుగు తెలిసినవాడికి ఐదోది ఉచితంగా వస్తుంది, కనీసం కుడి వైపు ఏడు ఉంచండి. బిట్లను పూర్తిగా మానేయమని నేను అనడం లేదు. రాత నెమ్మదిగా సాగే పిల్లలకు అవి ఊరట. అయితే వాటితో వచ్చిన మార్కులను చూసి ఎవరికి ఏం వచ్చో నిర్ణయించకండి. ప్రశ్నల వరస విషయంలో, మొదటి రెండు మూడు ప్రశ్నలు తరగతిలో అందరూ చేయగలిగినవే ఉండాలి. తొలి ప్రశ్నకే చేతులెత్తేసిన ఎనిమిదేళ్ల పిల్ల మిగతా పత్రం చదవదు.

ఇక మీ రెండో సందేహం. చురుగ్గా జవాబు చెప్పే పిల్లలు కాగితం మీద ఎందుకు తడబడుతున్నారు? నా సొంత పొరపాటు ఒకటి చెబితే ఇది తేలికగా అర్థమవుతుంది. ఒక సంవత్సరం పత్రంలో ఇలా ఇచ్చాను: ఒక డబ్బాలో 48 పెన్సిళ్లు ఉన్నాయి, అవి రెండో డబ్బాలో ఉన్నవాటి కంటే 16 ఎక్కువ, రెండో డబ్బాలో ఎన్ని ఉన్నాయి? పదకొండు మంది 64 అని రాశారు. కూడిక ఎక్కడ చేయాలో, తీసివేత ఎక్కడ చేయాలో వీరికి తెలియదని తీర్మానించి, ఆ పదకొండు మందినీ వెనక్కి కూర్చోబెట్టి వారం రోజులు కూడికలు, తీసివేతలు చేయించాను. చివరి రోజున ఒక పిల్లను దగ్గరికి పిలిచి, ఆ ప్రశ్నను నాకు చదివి వినిపించమన్నాను. చదివింది. ఏ డబ్బాలో పెన్సిళ్లు ఎక్కువ ఉన్నాయని అడిగితే, కాసేపు కాగితం వైపు చూసి, మొదటి డబ్బాలోనే కదా అని, వెంటనే రబ్బరు తీసుకుని 64ను చెరిపేసి 32 రాసింది. వచ్చిన చిక్కంతా ఎక్కువ అన్న మాట కనబడగానే కూడేయమని నేనే నేర్పినందువల్ల వచ్చింది. వారం రోజుల శిక్ష పడవలసింది నాకు.

పద సమస్యలో పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో కనుక్కోవడానికి ఆస్ట్రేలియాకు చెందిన అన్నే న్యూమన్ 1977లో ఒక పద్ధతి చెప్పారు. పిల్లవాడిని ఐదు మెట్లుగా అడగాలి: ప్రశ్న చదివి వినిపించు, నిన్ను ఏం కనుక్కోమంటున్నారో చెప్పు, దానికి ఏం చేయాలనుకుంటున్నావు, చేసి చూపించు, ఇప్పుడు నీ జవాబు ఏమిటో రాయి. ఏ మెట్టు దగ్గర మాట ఆగిపోతే అక్కడే చిక్కు ఉంది. చదవడం దగ్గరే ఆగితే అది గణితం సమస్యే కాదు, భాషా తరగతిలో చూడవలసినది. కనుక్కోమన్నది చెప్పలేకపోతే అర్థగ్రహణం. ఏం చేయాలో తెలియకపోతే, అది కలగలిపిన అభ్యాసం లేకపోవడం. మీరు చెప్పిన చురుకైన పిల్లలు ఆరుగురో ఏడుగురో ఉంటే, ఒక్కొక్కరికి ఐదు నిమిషాల చొప్పున ఒక మధ్యాహ్నంలో అందరితోనూ ఇలా మాట్లాడవచ్చు. పరీక్షకు ముందే మాట్లాడండి, ఇప్పటికే దిద్దిన యూనిట్ పరీక్ష పత్రాలు చేతిలో పెట్టుకుని.

ఇంకో కారణాన్ని కొంచెం మొహమాటంగా చెబుతున్నాను. తరగతిలో వినబడే జవాబు చాలాసార్లు తరగతిది, పిల్లవాడిది కాదు. మనం ప్రశ్న సగం అడిగి, జవాబు మొదటి అక్షరం అందించి, అందరూ ఒక్కసారి అందుకునేలా చేస్తాం. ఆ కోరస్‌లో ముందుగా నోరు విప్పేవాళ్లు నలుగురు, మిగతావాళ్లు పెదవులు కలిపేవాళ్లు. మీరు చురుకైనవారని అనుకున్నవారిలో కొందరు బహుశా చాలా నేర్పుగా పెదవులు కలుపుతున్నారేమో. రేపటి నుంచి అందరూ పలక మీద రాసి, ఒక్కసారి పైకెత్తి చూపించమని అడగండి. రెండు రోజుల్లో మీకు తేలిపోతుంది.

భాషా విషయంలో రాత పరీక్ష ఒక్కటే సరిపోదు. ధారాళంగా చదవగలుగుతున్నారో లేదో రాత పత్రం చెప్పదు, నోటితో చదివించి వినవలసిందే. 36 మందిని ఒకే రోజు వినలేరు గాని, రోజుకు నలుగురి చొప్పున తొమ్మిది రోజుల్లో అందరినీ వినవచ్చు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు చాలు. పాఠ్యపుస్తకంలో లేని, కాని అదే స్థాయి ఉన్న వంద పదాల కథను రెండు నకళ్లు తీసుకోండి, ఒకటి పిల్లల చేతికి, ఒకటి మీకు. మేరీ క్లే న్యూజిలాండ్‌లో రూపొందించిన చదువు నమోదు పద్ధతిలో, సరిగ్గా చదివిన పదానికి టిక్ గుర్తు పెడతారు, తప్పు చదివితే ఏం చదివారో పైన రాస్తారు, తమంతట తామే సరిదిద్దుకుంటే దాన్ని తప్పుగా లెక్కించరు. వంద పదాల్లో 95 గాని అంతకు పైగా గాని సరిగ్గా వస్తే ఆ పాఠ్యం ఆ పిల్లకు తేలిక, 90 నుంచి 94 వరకు వస్తే మీ సాయంతో చదవదగినది, 90కి తగ్గితే కష్టం అని ఒక లెక్క ఉంది. ఇంగ్లీషు చదువు కోసం పుట్టిన లెక్క ఇది; తెలుగులో విభక్తులు, క్రియలు కలిసిపోయి ఒక్కో పదం పొడవుగా ఉంటుంది కనుక ఆ అంకెలను గీత గీసినట్టు పాటించకండి, దారి చూపేవిగా వాడుకోండి.

అంకెల కంటే తప్పుల రకమే ముఖ్యం. ఒక పిల్ల ఎత్తును ఎతు అనీ, పట్టును పటు అనీ చదివితే ఒత్తు దగ్గర చూపు నిలవడం లేదు. ఇంకొకరు పాలును పలు అని చదివి ఆగకుండా ముందుకు పోతే, దీర్ఘం పట్టుకోకపోవడమే కాదు, చదివినదానికి అర్థం ఉందో లేదో చూసుకోవడం లేదు. గృహం అని ఉన్నచోట ఇల్లు అని చదివిన పిల్లను మాత్రం చూసి సంతోషించండి. లెక్క ప్రకారం అదీ తప్పే, కాని ఆ పిల్ల అర్థం కోసం చదువుతోంది. నెమ్మదిగా అక్షరం చూడమంటే సరిపోతుంది. ఈ ముగ్గురికీ భాషలో ఒకే మార్కు వేసి, ఒకే పాఠం మళ్లీ చదివిస్తే ముగ్గురికీ నష్టమే. ఒకటి, రెండు తరగతులు చెప్పేవారికి నేను చెప్పేది ఇంకా సూటిగా ఉంటుంది: ఆ వయసులో రాత పరీక్షకు పెట్టే సమయాన్ని ఇలా వినడానికీ, వస్తువులతో లెక్కింపజేసి చూడటానికీ పెట్టండి.

దిద్దేటప్పుడు ఒక పిల్లవాడి పత్రం మొత్తం పూర్తి చేసి తర్వాతి పత్రానికి వెళ్లకండి. అందరిదీ మొదటి ప్రశ్న దిద్దండి, కట్టను కలిపేయండి, తర్వాత అందరిదీ రెండో ప్రశ్న. పేరు కనబడకుండా పై అంచు మడిచిపెట్టండి. 1912లో స్టార్చ్, ఇలియట్ ఒకే ఇంగ్లీషు జవాబు పత్రం నకళ్లను ఎన్నో పాఠశాలల ఉపాధ్యాయులకు పంపి దిద్దించినప్పుడు, వందకు వేసిన మార్కుల్లో ముప్పైకి మించిన తేడా వచ్చింది. గణితంలో అలా జరగదని కొందరు అన్నందుకు మరుసటి సంవత్సరం జ్యామితి పత్రం పంపితే తేడా ఇంకా పెరిగింది. వాళ్లు వేరు వేరు ఉపాధ్యాయులు. ఒకే ఉపాధ్యాయుడు సాయంత్రం నాలుగింటికి, రాత్రి పదింటికి ఒకేలా దిద్దుతాడని నేను నమ్మను. చివరి పత్రం అయ్యాక మొదట దిద్దిన ఐదింటిని మళ్లీ చూడండి. నేను ప్రతిసారీ ఒకటో రెండో మార్చుకోవలసి వచ్చేది.

మార్కులు కూడటానికి ముందు ఒక పెద్ద కాగితం మీద పట్టిక గీయండి. అడ్డంగా ప్రశ్నలు, నిలువుగా 36 పేర్లు, గడిలో సరైనదైతే చుక్క, తప్పైతే ఆ తప్పు రకం అక్షరం. మనం అలవాటుగా దీన్ని అడ్డంగా, అంటే ఒక్కో పిల్ల మొత్తం కోసం చదువుతాం. ముందు నిలువుగా చదవండి. ఒక ప్రశ్న కింద 25 మంది తప్పు రాస్తే అది పిల్లల సంగతి కాదు. ప్రశ్న అయినా అస్పష్టంగా ఉండాలి, పాఠం అయినా మీరు అనుకున్నట్టు చేరి ఉండదు, దాన్ని మొత్తం తరగతికి వేరే దారిలో మళ్లీ చెప్పాలి. ఆరుగురు తప్పు రాసి, ఆరుగురిదీ ఒకే అక్షరం అయితే, వారిని ఒక చిన్న జట్టుగా కూర్చోబెట్టి రెండు రోజులు పనిచేస్తే సరిపోతుంది. ఒక్కరే అయితే పక్కన కూర్చుని మాట్లాడటమే. తర్వాత అడ్డంగా చదివినప్పుడు, 40కి 24 తెచ్చుకున్న ఇద్దరు పిల్లల వరసలను పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరు లెక్కలన్నీ చేసి పద సమస్యలన్నీ వదిలేసి ఉంటారు, ఇంకొకరు పద సమస్యల్లో ఏం చేయాలో సరిగ్గా పట్టుకుని, లెక్కలో జారి ఉంటారు. 24 అన్న అంకె ఆ ఇద్దరినీ కవలలను చేసింది.

పరీక్షను టర్మ్ చివరి రోజుకు ఆనించి పెట్టకండి, ఇదే నేను గట్టిగా చెప్పే మాట. మీకున్న 15 రోజుల్లో భిన్నాలకు ఐదు రోజులు, కలగలిపిన సాధనకు నాలుగు, పరీక్షలకు రెండు పోతే నాలుగు రోజులు మిగలాలి. ఆ నాలుగు రోజుల్లో పత్రాలు తిరిగి పిల్లల చేతికి రావాలి. మొదట మార్కులు లేకుండా ఇవ్వండి. తప్పు ఉన్నచోట గుర్తు, పక్కన ఒక చిన్న ప్రశ్న మాత్రమే ఉండాలి: పదుల స్థానంలో ఇప్పుడు ఎన్ని మిగిలాయి అన్నట్టుగా. ఒక పీరియడ్ ఇచ్చి, వేరే రంగు పెన్సిలుతో ఎవరి తప్పులు వారినే దిద్దుకోమనండి. మార్కు చెప్పడం ఆ తర్వాతే. రూత్ బట్లర్ 1988లో ఐదు, ఆరు తరగతుల పిల్లలతో చేసిన అధ్యయనంలో, వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లల పని మెరుగుపడింది. మార్కుతో పాటు వ్యాఖ్య కూడా అందుకున్నవారికి ఆ లాభం దక్కలేదు. మార్కు కనబడగానే పిల్ల పక్కవారి మార్కు అడుగుతుంది, మీరు కష్టపడి రాసిన వాక్యం ఎవరూ చదవకుండా మిగిలిపోతుంది. ఇది ఏ తరగతి గదిలోనైనా ఒక్క పూటలో పరీక్షించి చూడవచ్చు.

ప్రోగ్రెస్ కార్డుల విషయంలో ఎక్కువ చెప్పను. బాగా చదువుతోంది, ఇంకా కృషి చేయాలి అన్న వాక్యం 36 కార్డుల మీదా అతుకుతుంది కనుక ఒక్క కార్డుకూ పనికిరాదు. చేయగలిగినది ఒకటి, తడబడుతున్నది ఒకటి, ఇంట్లో చేయదగినది ఒకటి రాయండి. ఉదాహరణకు: మూడంకెల కూడికలు తప్పు లేకుండా చేస్తోంది, మధ్యలో సున్నా ఉన్న తీసివేతల్లో పొరబడుతోంది, వారానికి రెండుసార్లు అలాంటి రెండు లెక్కలు చేయించి, ఎలా చేసిందో తననే చెప్పమనండి. పై పట్టిక చేతిలో ఉంటే ఒక్కో కార్డుకు మూడు నిమిషాలకు మించి పట్టదు. ర్యాంకు రాయమని పాఠశాల అడిగితే రాయక తప్పదు, అడగకపోతే రాయకండి.

మిగిలిన చివరి రెండు రోజులు సాధారణంగా చార్టులు అతికించడంలో, నోటుబుక్కులకు అట్టలు మార్చడంలో పోతాయి. అట్టలు మార్చడం మీద నాకు కోపం లేదు, పిల్లలకు అదొక సరదా. కాని ఆ రెండు పూటల్లో పట్టిక చూపించిన చిన్న జట్లతో కూర్చోండి, మిగతావారు అట్టలు వేసుకుంటారు. 304 నుంచి 128 తీసివేసి 224 రాసినవారి ముందు వందల, పదుల, ఒకట్ల కట్టలు పెట్టి, నాలుగు ఒకట్లలోంచి ఎనిమిది తీసి చూపించమని అడగండి. వాళ్లు ఆగిపోయే చోటే మీ పాఠం మొదలవుతుంది.

వచ్చే టర్మ్‌లో ఈ తరగతి మీదే అయితే పట్టికను రిజిస్టరు మొదటి పేజీలో అతికించుకోండి. వేరొకరిదైతే మార్కుల జాబితాతో పాటు దాన్నీ అందజేయండి, వదిలేసిన దత్తాంశ పట్టికల పాఠం పేరు దాని అడుగున రాసి, మీరు వేసిన అక్షరాలకు అర్థాలు పక్కన చేర్చి. సెలవుల తర్వాత మొదటి రోజున అదే పత్రంలోని మూడు ప్రశ్నలను అంకెలు మార్చి మళ్లీ అడగమని వారికి చెప్పండి. పరీక్ష వారంలో సరిగ్గా రాసినవారిలో కొందరు ఆ రోజు తప్పు రాస్తారు. వారి పేర్ల ఎదురుగా ఆ గడిలోని చుక్క చుట్టూ సున్నా చుట్టాలి, వారికి ఆ పాఠం ఇంకా నిలవలేదు.